మా రేవు నీళ్ళు నీలంగా వుండవు

నులక మంచం మీద బోర్లా పడుకుని, రెండు చేతులూ ముందుకు చాపి, బుగ్గలు బూరెల్లా పొంగించి ఊపిరి బిగబట్టిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. చూడడమే కాదు, టేబుల్ ఫ్యాను అతని జుట్టుకేసి తిప్పిపెట్టి మరీ ఫోటో తీశాను. ఆ మనిషి అప్పుడు సొరచేపతో పోరాడుతున్నాడు. సొరచేప ఏదీ అంటారా? అది తర్వాత నేను పెట్టాలి. సముద్రం కూడా నేనే పెట్టాలి!

ఇది 2005 నాటి సంగతి. ఆ యేడు సెప్టెంబరు 30న రాజమౌళి 'ఛత్రపతి' వచ్చింది. మొదట్లోనే ప్రభాస్ సముద్రంలో సొరచేపతో తలపడతాడు, గుర్తుంది గదా? ఆ సీనుకి హాల్లో కాగితాలు చింపి ఎగరేసిన వాళ్ళలో నేనూ వున్నాను. మా పేరాల కుర్రాళ్ళకి అదొక సినిమా. వాడరేవు కుర్రాళ్ళకి మాత్రం యింటి సంగతి. పడవ వాళ్ళది, వల వాళ్ళది, ఉప్పునీళ్ళు వాళ్ళవి, సొర కూడా వాళ్ళదే. హీరో ఒక్కడే బయటివాడు! ఆ లోటు కూడా తీర్చేద్దామని నలుగురు కలిసి చీరాలలో నేను పనిచేసే ఫోటో స్టూడియోకి వచ్చారు.

"అన్నా, సంక్రాంతికి రేవులో ఫ్లెక్సీ కట్టాలి. మావాడు నీళ్ళ అడుగున సొరని పట్టుకున్నట్టు వుండాలి. ఎనిమిదడుగుల పొడవు, ఆరడుగుల ఎత్తు" అన్నాడు వాళ్ళలో పెద్దవాడు. "మావాడు" అనబడే హీరో వెనకాల సిగ్గుపడుతూ నిలబడ్డాడు. పంతొమ్మిదేళ్ళుంటాయేమో. కొత్త ఎర్ర చొక్కా. ఇస్త్రీ మడత యింకా చేతుల మీద కత్తిలా వుంది.

మా ఓనరు గారు నాకేసి చూశారు. "ఏమయ్యా, చేస్తావా?"

"చేస్తానండీ" అన్నాను.

ఎందుకన్నానో చెప్పాలంటే నా సంగతి కాస్త చెప్పాలి. మాది పేరాల. 1921లో మునిసిపాలిటీ పన్ను కట్టమంటే, కట్టం పొమ్మని జనం యిళ్ళు వదిలేసి వూరి బయట రామనగర్ వేసుకున్నారే, ఆ చీరాల పేరాల ఉద్యమంలో పేరాల యిదే. ఆ మొండితనం మా వీధుల్లో యింకా వుంది. నాన్నది గుంట మగ్గం. నేనేమో డిగ్రీ సగంలో ఆపేసి, కంప్యూటర్ ముందు కూర్చున్నవాణ్ణి. అప్పుడు నాకు 21. ఫోటోషాప్ 7 నేర్చుకుని, పెళ్ళి ఫోటోల్లో కళ్ళు మూసుకున్న పెళ్ళికూతురికి వేరే ఫోటోలోంచి కళ్ళు తెచ్చి అతికించేవాణ్ణి. కాలం చేసిన తాతగారిని గ్రూపు ఫోటోలో మనవడి పక్కన నిలబెట్టేవాణ్ణి. మొహాలు తెల్లబరచడం సరేసరి! ఈ ఫ్లెక్సీ ఒకటి అదిరిపోయిందంటే, అది పట్టుకుని హైదరాబాదు వెళ్ళి ఏదో ఒక గ్రాఫిక్స్ ఆఫీసులో పడొచ్చని నా ఆశ. కుదరకపోతే మాత్రం తీసుకున్న అడ్వాన్సు నా జీతంలోంచి తిరిగి కట్టాలని ఓనరు గారు ముందే చెప్పేశారు.

ఒక్క సంగతి మాత్రం ఓనరు గారికి చెప్పలేదు. వాడరేవుకి మా యింటి నుంచి సైకిలు మీద పోవచ్చు. అయినా నేను తొమ్మిదేళ్ళుగా ఆ సముద్రంలో కాలు పెట్టలేదు.

దాని సంగతి తర్వాత.

ముందు సినిమా ట్రిక్కుల గురించి నాలుగు మాటలు. మనవాళ్ళకి యివి కొత్త కాదు. 1957లో వచ్చిన 'మాయాబజార్'లో మార్కస్ బార్ట్లే తన కెమెరాతో వెన్నెల కాయించాడు. ఆ వెన్నెల చూసి యిప్పటికీ పెద్దవాళ్ళు నిట్టూరుస్తారు. 1961లో 'సీతారామ కల్యాణం' కోసం రవికాంత్ నగాయిచ్ ఎన్టీఆర్ గారికి పది తలలు పెట్టాడు. కంప్యూటరు అనే మాటే ఎవరూ వినని రోజులవి. నీళ్ళ అడుగు సీన్లకి కూడా పాతకాలంలో ఒక చిట్కా వుండేది. కెమెరాకీ నటుడికీ మధ్య చేపల తొట్టి పెట్టేవారు. తొట్టిలో చేపలు తిరుగుతుంటాయి, బుడగలు లేస్తుంటాయి. వెనకాల పొడినేల మీద నటుడు నెమ్మదిగా చేతులు ఆడిస్తాడు. తెర మీద చూస్తే మనిషి సముద్రం అడుగున వున్నట్టే!

హాలీవుడ్ వాళ్ళదీ యిలాంటి వ్యవహారమే. 1990లో వచ్చిన 'ది హంట్ ఫర్ రెడ్ అక్టోబర్'లో సముద్రగర్భంలో పోయే ఆ భయంకరమైన జలాంతర్గాములు, నీటిచుక్క తగలని బొమ్మలు. హాలు నిండా పొగ నింపి, ఆ పొగలో తీగల మీద వేలాడదీసి తీశారు. పొగ చేసే పని ఒక్కటే, దూరంగా వున్నదాన్ని మసకపరచడం. మన భాషలో చెప్పాలంటే సాంబ్రాణి పొగ వేసి సముద్రం చేశారు!

అన్నట్టు, ఫోటోషాప్‌కీ సముద్రానికీ పుట్టుకతోనే చుట్టరికం వుంది. దాన్ని రాసింది నోల్ అన్నదమ్ములు. థామస్ కాలేజీలో పరిశోధన చేసుకునేవాడు, జాన్ సినిమా ట్రిక్కుల కంపెనీలో పనిచేసేవాడు. అందరికీ చూపించడానికి జాన్ వాడిన మొదటి ఫోటో ఏమిటో తెలుసా? బోరా బోరా దీవిలో సముద్రపొడ్డున కూర్చున్న అమ్మాయి. తర్వాత ఆవిడే ఆయన భార్య అయింది. 1989లో జేమ్స్ కామెరాన్ 'ది ఎబిస్' తీశాడు. సగంలో ఆగిపోయిన అణు విద్యుత్ కేంద్రంలో 75 లక్షల గ్యాలన్ల నీళ్ళు నింపి, నటుల్ని అందులోకి దింపాడు. అందులో నీళ్ళే ప్రాణంతో లేచి మనిషి మొహం తెచ్చుకునే దృశ్యం ఒకటుంది. నిండా నిమిషంన్నర వుండదు. ఆ పనిలో జాన్ నోల్ ఫోటోషాప్ వాడాడు. అంగట్లోకి అది వచ్చింది ఆ మరుసటి యేడు, 1990లో. అంటే నీళ్ళలో పని చేసి చూపించాకే అది బజార్లోకి వచ్చిందన్నమాట.

ఇవన్నీ నాకు ఆ రోజు తెలియవు. తెలిసుంటే గర్వంగా వుండేదేమో గాని, పని మాత్రం సులువయ్యేది కాదు.

ఎనిమిదడుగులు అంటే 96 అంగుళాలు. అంగుళానికి 72 చుక్కల చొప్పున వేసుకున్నా ఒక్క లేయరే దాదాపు 100 ఎం.బి. స్టూడియో కంప్యూటర్లో వున్న మొత్తం ర్యామ్ 256. ఒక లేయరు కదిపి టీ తాగి వచ్చేవాణ్ణి. తర్వాత తెలివొచ్చి, నాలుగో వంతు సైజులో మొదలుపెట్టాను.

మొదటి బొమ్మ రెండు రాత్రుళ్ళలో అయిపోయింది. పైన లేతనీలం, కింద ముదురునీలం గ్రేడియంట్. నల్ల లేయరు మీద తెల్లచారలు గీసి, రేడియల్ బ్లర్‌లో జూమ్ పెట్టి, స్క్రీన్ మోడ్‌లో కలిపితే పైనుంచి సూర్యకిరణాలు దిగాయి. క్లౌడ్స్ వేసి, దాని మీద డిఫరెన్స్ క్లౌడ్స్ నాలుగైదుసార్లు వేసి రంగు తిరగేస్తే వెలుగుగీతలు వచ్చాయి, తొట్టి అడుగున ఎండ ఆడినట్టు. ఇక చేపలు! 2003లో 'ఫైండింగ్ నీమో' వచ్చింది గదా, నారింజరంగు చేపలు ఓ డజను. పగడపు దిబ్బలు. తాబేలు ఒకటి. మూల ఖాళీగా వుందని నిధిపెట్టె కూడా పెట్టాను. మధ్యలో మన హీరో ఎర్రచొక్కాతో జిగేల్మంటున్నాడు. సొరకి మాత్రం యింకా మంచి ఫోటో దొరకలేదు, ఆ చోటు ఖాళీగా వుంచాను.

మధ్యాహ్నం నాన్న క్యారియరు తెచ్చాడు. చెప్పుల బయటే విడిచి, చేతులు వెనక్కి కట్టుకుని బొమ్మ చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఏరా, చొక్కా పొడిగా వుందేం?"

"అంటే?"

"నీళ్ళలో వున్నాడంటున్నావు. ఇస్త్రీ మడత నిలబడే వుంది. తడిసిన బట్ట రంగు ముదరదూ? పొడిబట్టలా తేలికగా వుంటుందీ?"

నలభై యేళ్ళు నూలుతో బతికిన మనిషి. చేపలు చూడలేదు, కిరణాలు చూడలేదు. బట్ట చూశాడు! నాకు ఒళ్ళు మండింది. "ఇది సినిమా బొమ్మ నాన్నా, యిందులో అన్నీ అంతే" అన్నాను. ఆయనేం మాట్లాడలేదు. క్యారియరు గిన్నెలు విప్పి పెట్టి వెళ్ళిపోయాడు.

సాయంత్రం కుర్రాళ్ళు నలుగురూ వచ్చారు. బొమ్మ చూసి ఒక్క క్షణం గమ్మున వున్నారు. తర్వాత హీరోయే ఫక్కున నవ్వేశాడు. నవ్వుతూనే, నా మనసు నొచ్చుకుంటుందేమోనని చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"అన్నా, శానా బాగుంది. కానీ ఇది మా సముద్రం కాదన్నా. ఇది టీవీలో సముద్రం."

"మరి మీ సముద్రం ఎలా వుంటుంది?"

"ఏముంటదన్నా, మట్టి. వల చిక్కుపడితే దిగుతాం గదా. రెండు బారలు దిగితే నీ చెయ్యి నీకే అగపడదు. కళ్ళు తెరిస్తే మంట. పైకి చూస్తే మాత్రం వెలుతురు వుంటది, గుండ్రంగా, మజ్జిగలో దీపం పెట్టినట్టు. దాన్ని పట్టుకునే పైకి రావాల. చేపలేం కనపడవు. కాలికి తగుల్తాయి."

గుండ్రంగా! మజ్జిగలో దీపం పెట్టినట్టు!

నా చేతిలోంచి మౌస్ జారలేదు గాని, దాదాపు అంత పనీ అయింది. ఎందుకంటే ఆ దీపం నేను చూశాను.

1996 కార్తీక పౌర్ణమి. వాడరేవులో స్నానాలు. నాకు పన్నెండేళ్ళు. అమ్మ ఒడ్డున అరటిదొప్పలో దీపం వెలిగిస్తోంది. మోకాళ్ళ లోతులో వున్నాననే అనుకున్నాను. అల వెనక్కి పోతూ కాళ్ళ కింద యిసక లాగేసింది. తర్వాత పైనా కిందా లేదు. కళ్ళు తెరిచే వున్నాయి. నీలం లేదు, చేపలు లేవు. పచ్చగా, గోధుమరంగుగా, టీలో పాలు సరిగ్గా కలవనట్టు ఏదో సుడి తిరుగుతోంది. నలకలు, లెక్కలేనన్ని. నా చెయ్యి మోచేతి దగ్గర ఆగిపోయింది, దాని తర్వాత కనపడలేదు. పైన ఎక్కడో మసకగా ఒక గుండ్రటి వెలుగు. ఆ వెలుగులోంచి ఒక చెయ్యి దిగింది. మెడ వెనక చొక్కా పట్టుకుని లాగింది.

అంతే. ఎవరో పడవ మనిషి నన్ను అమ్మ పక్కన పడేసి, ఇంకెవరో పిలిస్తే వెళ్ళిపోయాడు. ఆయన మొహం నేను చూడలేదు. అమ్మ నన్ను కొట్టింది, తర్వాత ఏడ్చింది. నాన్నకి చెప్పొద్దంది. మేమిద్దరం ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

మీరే చెప్పండి, తొమ్మిదేళ్ళు ఒక మనిషి తల్లో అసలైన సముద్రం అడుగు పెట్టుకుని, దాని మీద ఓ డజను నారింజ చేపల్ని అతికించాడంటే ఏమనాలి?

ఆ రాత్రి చేపలు తీసేశాను. ఒక్కొక్క లేయరే డిలీట్ చేస్తుంటే భలే హాయిగా వుంది. తాబేలు పోయింది. పగడాలు పోయాయి. నిధిపెట్టె పోయింది. నీళ్ళ అడుగు చెయ్యడమంటే కలపడం కాదు, తీసెయ్యడమని ఆ రాత్రి నా చేతికి తెలిసింది. అసలు నీళ్ళు చేసే పని అదే! వెలుతుర్లోంచి మొట్టమొదట ఎరుపుని మింగేస్తాయి. తేట సముద్రంలో సైతం పది మీటర్లు దిగేసరికి ఎరుపు దాదాపు పోయినట్టే. ఆ లోతులో వేలు తెగితే నెత్తురు ఎర్రగా కనపడదు, ఆకుపచ్చగానో నల్లగానో కనపడుతుంది. తర్వాత నారింజ, తర్వాత పసుపు. నడిసంద్రంలో చివరికి నీలం మిగులుతుంది. తీరం పక్కన, ఒండ్రూ నాచూ కలిసిన మనలాంటి చోట ఆ నీలం కూడా మిగలదు, పచ్చదనమే మిగులుతుంది. తర్వాత అంచులు పోతాయి, నలుపు పోతుంది, దూరం పోతుంది. పైకి చూస్తే ఆకాశమంతా ఒక గుండ్రటి కిటికీలోకి ముడుచుకుంటుంది. వెలుతురు నీళ్ళలోకి వంగి దిగడం వల్ల ఆ కిటికీ వెడల్పు ఎప్పుడూ సుమారు 97 డిగ్రీలే. దాని పేరు స్నెల్ కిటికీ అని చాలా యేళ్ళ తర్వాత చదివాను. మా రేవు కుర్రాడికి ఆ పేరు తెలియదు. మజ్జిగలో దీపం అన్నాడు. నాకు ఆ పేరే బాగుంది.

'నీమో' తీసినవాళ్ళు సైతం ముందు సముద్రంలోకి దిగి చూసొచ్చారట. నీళ్ళలో తేలే నలకలకీ, మసకకీ విడివిడిగా పని పంచుకున్నారట. నేనేమో వాళ్ళ చేపల్ని తీసుకుని, మసకని వదిలేశాను!

కర్వ్స్‌లో రెడ్ ఛానెల్ కిందికి గుంజాను. పచ్చా గోధుమా కలిపాను. మనిషికీ వెనకకీ మధ్య మూడు పొగలేయర్లు, దూరం వెళ్ళేకొద్దీ చిక్కగా. నాయిస్ వేసి, కొంచెం బ్లర్ చేసి నలకలు. వెలుగుగీతలు పూర్తిగా తీసేశాను, మట్టినీళ్ళలో అవెక్కడివి? ఇక చొక్కా. మర్నాడు పొద్దున్నే యింట్లో నూలు నానబెట్టే తొట్టి దగ్గరికి వెళ్ళి, నాన్నని అడిగాను. ఆయన ఏమీ అనకుండా తొట్టి కడిగి నీళ్ళు నింపాడు. ఎర్రబట్ట ముక్క ఒకటి వేసి, కింద నుంచి చేత్తో నెమ్మదిగా కదిపాడు. బట్ట పొంగింది, విచ్చుకుంది, మళ్ళీ ముడుచుకుంది. నేను కుర్చీ ఎక్కి ఫోటోలు తీశాను. "ఇంకాస్త నెమ్మదిగా కదపనా?" అని అడిగాడు. ఆ ముడతలే తెచ్చి మన హీరో ఒంటికి తొడిగాను. జుట్టు స్మడ్జ్‌తో పైకి లాగాను.

ఇక మిగిలింది సొర. ఎవరో కస్టమరు తెచ్చిన యింగ్లీషు పత్రికలో బ్రహ్మాండమైనది దొరికింది. నోరు తెరుచుకుని, పళ్ళన్నీ కనపడేలా. స్కాన్ చేసి, రాత్రి పన్నెండు దాకా అంచులు కత్తిరించి, నీళ్ళ రంగు పట్టించి, హీరో ఎదురుగా నిలబెట్టాను. అద్భుతం! లేచి రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాను.

కరెంటు పోయింది.

ఇప్పటి కుర్రాళ్ళకి అర్థం కాదేమో. ఆనాటి ఫోటోషాప్ తనంతట తాను దేన్నీ దాచిపెట్టేది కాదు. తప్పు చేస్తే 20 అడుగులు వెనక్కి వెళ్ళనిస్తుంది గాని, కరెంటు పోతే మాత్రం అంతే సంగతులు. సొరని తెచ్చాక నేను ఒక్కసారి కూడా సేవ్ చెయ్యలేదు! యూపీయస్సు అంటారా? దాని బ్యాటరీ పోయి అప్పటికి ఆర్నెల్లు. తెల్లారి కరెంటు వచ్చాక తెరిచి చూస్తే మసకనీళ్ళు వున్నాయి, మనిషి వున్నాడు, సొర లేదు. తొమ్మిదింటికి కుర్రాళ్ళు వస్తారు. పత్రిక తెచ్చిన కస్టమరు ముందురోజే పట్టుకుపోయాడు.

ఏం చేస్తాం? మసక వెనకాల, పొగలేయర్ల అడుగున, బ్రష్షుతో ఒక నీడ గీశాను. ముక్కు, వీపు మీద రెక్క, తోక. గట్టిగా బ్లర్ చేశాను. కనపడీ కనపడనట్టు. పది నిమిషాల పని.

1975లో వచ్చిన 'జాస్'ని స్పీల్‌బర్గ్ తీస్తుంటే యంత్రం సొర ఉప్పునీళ్ళకి మాటిమాటికీ మొరాయించింది. అంచేత చాలాసేపు సొరని చూపించకుండానే నడిపించాడు. ప్రపంచమంతా ఆ కనపడని సొరకే జడుసుకుంది. ఆయనకి ఉప్పునీళ్ళు చేసిన ఉపకారం నాకు కరెంటు చేసింది!

ఇంకో పని కూడా చేశాను. అది ఎవరూ అడగలేదు. పైన గుండ్రటి వెలుగు పెట్టాను. ఒక పక్కన పడవ అడుగు నల్లగా. ఆ వెలుగులోంచి కిందికి దిగుతున్న ఒక చెయ్యి. ఆ చెయ్యి నాన్నది. తొట్టిలో బట్ట కదుపుతుంటే తీసిన ఫోటోలోంచి కత్తిరించాను.

ఓనరు గారు చూసి తల పట్టుకున్నారు. "ఏమయ్యా, బురద వేశావేంటి? దీనికి డబ్బులెవరిస్తారు?" అన్నారు. కుర్రాళ్ళు వచ్చారు. మొదట ఎవరూ నవ్వలేదు. పెద్దవాడు అడిగాడు, "సొర ఏదన్నా?"

హీరో తెరకి దగ్గరగా వంగాడు. నీడ దగ్గర వేలు పెట్టాడు. చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "వుందిరా" అన్నాడు మెల్లగా. "ఇట్టాగే వుంటది. వుందని తెలుస్తది, అగపడదు."

ఒక్కటి మాత్రం ఒప్పుకోలేదు. "ఎర్రచొక్కా ఏదన్నా? మా బావ కొనిచ్చాడు!" అక్కడ మాత్రం నా సైన్సు చెల్లలేదు. ఎంతైనా అభిమానం అభిమానమే. మనిషిని వెలుగుకి కాస్త దగ్గరగా జరిపి, భుజాల మీద ఎరుపు కొంచెం నిలబెట్టి, నడుం కిందికి వచ్చేసరికి చల్లారనిచ్చాను.

"ఆ చెయ్యి ఎవరిదన్నా?" అని అతనే అడిగాడు, వెళ్ళబోతూ.

అప్పుడు చెప్పాను. కార్తీక పౌర్ణమి సంగతి మొత్తం, ఓనరు గారి ముందే. నన్ను లాగినాయన ఎవరో మీ రేవులో ఎవరికైనా తెలుస్తుందా అని అడిగాను. అతను ఆలోచించాడు. "మా వాళ్ళు పౌర్ణమికి ప్రతి యేడూ ఒకళ్ళనో యిద్దరినో లాగుతారన్నా. ఎవురు గుర్తుపెట్టుకుంటారు?" అన్నాడు.

ఫ్లెక్సీ సంక్రాంతికి రేవులో లేచింది. నేను హైదరాబాదు వెళ్ళలేదు. వెళ్ళకపోవడానికి ఫ్లెక్సీ కారణం కాదు, నాన్న కళ్ళు మందగించాయి, అదింకో కథ. 2015లో 'బాహుబలి' మొదట్లో, ప్రవాహంలో మునిగిపోతూ శివగామి పసివాణ్ణి నీళ్ళ పైకి ఎత్తి పట్టుకున్నప్పుడు హాలంతా చప్పట్లు కొట్టింది. నేను మాత్రం నాకు తెలియకుండానే మెడ వెనక తడుముకున్నాను. 2017లో 'ఘాజీ', 2024లో 'దేవర', ఏది చూసినా తెర మీద నీళ్ళు రాగానే నా కళ్ళు ముందు చొక్కా రంగు కోసం వెతుకుతాయి. ఇంట్లోవాళ్ళు నాతో సినిమాకి రావడం మానేశారు. ఈ రోజుల్లో ఫోన్లో ఒక వాక్యం రాస్తే చాలు, సముద్రం అడుగు తయారై వచ్చేస్తోంది. మా అమ్మాయి ఒకటి చేసి చూపించింది. నీలంగా వుంది. చేపలున్నాయి. నిధిపెట్టె కూడా వుంది!

ఆ ఫ్లెక్సీని నేను మళ్ళీ చూసింది 2006 ఎండాకాలంలో. హీరో కబురు పెడితే సైకిలు మీద వెళ్ళాను. పడవ పక్కన వలల కుప్ప మీద ఎండ తగలకుండా కప్పారు దాన్ని. ఫ్లెక్సీ రంగుల్లో ఎండకి ముందు పోయేవి ఎరుపూ పసుపే, ఆఖరిదాకా నిలిచేది నీలం. చొక్కా పోయింది, పచ్చ పోయింది, గోధుమరంగు పోయింది. సొరనీడ మీద వుప్పు పేరుకుంది. చెయ్యి మాత్రం కొంచెం తెలుస్తోంది.

"చూశావా అన్నా, ఆఖరికి నువ్వు మొదట చేసినట్టే అయింది. మొత్తం నీలం!" అని నవ్వాడు. తర్వాత నీళ్ళకేసి చూసి, "దిగుతావా? నేనుంటాలే" అన్నాడు.

ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచాను. నీళ్ళు గోరువెచ్చగా వున్నాయి, మట్టిరంగులో. నా పాదాలు నాకు కనపడలేదు.